ఇనప పట్టీ

"ఇంకో ఇటుక పెట్టండి మేడం," అన్నాడు యేసురాజు, కూతురి వంతెనకేసి వేలు చూపిస్తూ.

తిరువూరు బడిలో అట్ట వంతెనల పోటీ. అట్ట, బంక తప్ప మరేదీ వాడకూడదు. మిగతా పిల్లలవి రెండో ఇటుకకే కూలిపోయాయి. మామిడికాయల అట్టపెట్టెలు కోసి గ్లోరి కట్టిన వంతెన మాత్రం ఆరు ఇటుకలు మోస్తోంది. అందరూ చప్పట్లు కొట్టారు.

గ్లోరి కొట్టలేదు. వంగి చూసింది. అంత బరువుకి అట్ట కాస్తయినా కుంగాలి. ఇది కుంగలేదు.

ఇటుకలు దించేసి, వంతెన అడుగున అట్ట చించింది. లోపల్నుంచి ఇనప పట్టీ బయటపడింది.

"మన షాపుదేగా నాన్నా?"

వెల్డింగ్ షాపు నడిపే యేసురాజు గొంతు తగ్గించాడు. "అందరి ముందు కూలిపోతే ఏడుస్తావని... రాత్రి నువ్వు పడుకున్నాక పెట్టాను తల్లీ."

"ఛీ!" కుళ్లిన కాయని తీసినట్టు ఆ పట్టీని వేలికొసలతో లాగి కింద పడేసింది. "ఇందాక చప్పట్లు ఇనుముకి కొట్టారు. వాళ్లవి కూలినా వాళ్లవే. నాది నిలబడి కూడా నాది కాకుండా చేశావు."

"ఇక నువ్వు పోటీలో లేనట్టేనమ్మా," అంది మేడం మెల్లిగా.

"తెలుసు మేడం. ఒక్కసారి పెట్టి చూసుకుంటాను."

చిరిగిన వంతెన మీద తనే ఒక ఇటుక పెట్టింది. అట్ట కిర్రుమంటూ ఒక పక్కకి ఒరిగింది. యేసురాజు గబుక్కున కింద చెయ్యి పెట్టాడు.

"చెయ్యి తియ్యి నాన్నా."

అతను కూతురి మొహంలోకి చూశాడు. చెయ్యి తీసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.