మావయ్య పిలుపు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. చేతికి కట్టుతో మావయ్య, మూతి ముడుచుకుని అత్తయ్య, అత్తయ్యను కన్న మామ్మ, ఫోనులోంచి తలెత్తని వదిన. ఐదో మనిషి లెక్కలోకి రాదు. మావయ్య మేనకోడలైన ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది.

ఆమె పదో తరగతి పరీక్షలకు ఇంకా నెల ఉంది. తండ్రి లేడు. తల్లి దూరపు ఊళ్లో నూలు మిల్లులో పనిచేస్తుంది. ఈ ఇల్లు కాదంటే ఆడపిల్లల బడికి దగ్గర్లో ఆమె తల దాచుకునే చోటు ఇంకొకటి లేదు.

ఆమె వచ్చిన ఈ నాలుగు నెలలుగా ఇంట్లో ఒకటే గొడవ. మావయ్య పిలిస్తే పలకదు. ఆయన గొంతెత్తితే కిటికీ అద్దాలు అదురుతాయని, ఈ మహారాణి మాత్రం తల తిప్పదని అత్తయ్య వీధంతా చెప్పింది. పక్కగదిలో వదిన ఫోను టింగుమంటే అందరికంటే ముందు వినేది ఆమే. మొన్న గాలివానలో ఉరుముకి మామ్మ మంచం మీంచి ఎగిరి పడింది. ఈ పిల్ల పుస్తకంలోంచి కన్నెత్తలేదు. రాతిగుండె అన్నారు.

పోయిన వారంతో ఓపిక తెగింది. మావయ్య అటక మీది పెట్టె దించుతుంటే స్టూలు ఊగింది. పట్టుకోమని నాలుగు కేకలేశాడు. అటు తిరిగి బట్టలు మడతపెడుతున్న ఆమె కదల్లేదు. మావయ్య చెయ్యి విరిగింది.

ఆమె బాధ ఆమెది. తను గదిలో ఉంటే మావయ్య మాటలన్నీ మీసాల కిందే నమిలేస్తాడు. తనంటే అంత గిట్టదనుకుంది.

"మావయ్య నన్నెప్పుడూ పిలవలేదు అత్తయ్యా."

"చేసిందంతా చేసి ఆయన మీదికే నెడతావా?"

కట్టు వేయించిన ఆసుపత్రిలోనే, వదిన పోరు పడలేక, ఆమె చెవులు కూడా చూపించారు. ఇవాళ పొద్దున కవరొచ్చింది. మామ్మ విప్పనివ్వలేదు.

"దొంగచెవుడుకి డాక్టరెందుకే? నేను తేలుస్తా చూడు" అని అల్లుడికి ఒక ఉపాయం చెప్పింది.

మావయ్య అడుగుల చప్పుడు కాకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆమె వెనకే నిలబడి, గొంతు పెగలనివ్వకుండా, ఉత్త ఊపిరితో గుసగుసలాడాడు.

"పరీక్షలయ్యేదాకా నిన్ను ఇక్కడే ఉంచుకుంటాం."

గిన్నె చేతిలోంచి జారింది. ఆమె గిరుక్కున తిరిగింది. మొహం నిండా వెలుగు.

"నిజంగానా మావయ్యా?"

మావయ్య తనతో మాట్లాడడం అదే మొదలు. అదే ఆఖరు.

"విన్నారుగా" అంది మామ్మ. "కేకేస్తే వినబడదట. గుసగుసకి మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాయట."

ఇన్నాళ్లూ వెనకేసుకొచ్చిన వదిన కూడా ఛీ అని మొహం తిప్పుకుంది. అత్తయ్య పుస్తకాల సంచి, బట్టల సంచి వాకిట్లో పడేసి, ఆమెను వాటి వెనకే నెట్టింది. తల్లికి కబురు చేశామని, వచ్చేదాకా మెట్ల మీదే పడుండమని చెప్పింది. విప్పని కవరు కూడా విసిరింది.

"ఇదీ పట్టుకుపో. ఫ్రేము కట్టించుకో."

తలుపు మూసుకుంది. లోపల గడియ సన్నగా కిర్రుమనడం ఆమెకు స్పష్టంగా వినబడింది.

ఆమె మెట్ల మీద కూర్చుని చింపిన కవరులో డాక్టరు ఎర్ర సిరాతో కింద గీత గీసిన వాక్యం ఒకటే ఉంది: "పుట్టుకతో వచ్చిన అరుదైన చెవుడు, గుసగుసలు, సన్నటి చప్పుళ్లు ఈ అమ్మాయికి బాగా వినబడతాయి గానీ, ఉరుములూ మగవాళ్ల బొంగురు గొంతులూ ఎంత గట్టిగా ఉన్నా వినబడవు."