సీటున్న గడ్డి బండి

గడ్డి కొయ్యడానికి కూడా సీటు కావాలంట గురప్పకి. ఆ మాట విన్న దగ్గర్నుంచి దొరబాబుకి నవ్వు ఆగడం లేదు.

జహ్రాలోని ఆ అరబ్బుల ఇంట్లో దొరబాబు డ్రైవరు. కోనసీమ నుంచి వచ్చి తొమ్మిదేళ్ళయింది. గురప్ప తోటమాలి. కడప జిల్లావాడు, వయసులో పదిహేనేళ్ళు చిన్న. ఇంటి చుట్టూ ఉన్న గడ్డికి నీళ్ళు పెట్టి, వారానికి రెండుసార్లు తోపుడు మిషనుతో కోసి, ఇసకలో దాన్ని అంత పచ్చగా నిలబెట్టింది అతని రెక్కలే. దొరబాబు మాత్రం అదీ ఒక పనేనా అనేవాడు. చేతిలో స్టీరింగు లేనివాడు అతని కంటికి మనిషి కాదు.

కిందటేడు షేర్లు కూలిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఖర్చు బిగించారు. వంటవాణ్ణి పంపేశారు. ఈ నెలాఖరుకి మగపనివాళ్ళిద్దరిలో ఒకరే మిగులుతారని యజమానురాలు చెప్పేసింది. పనివాళ్ళంతా ఆవిణ్ణి మామా అని పిలుస్తారు. ఆ మర్నాడే ఆవిడ, నాలుగొందల దీనార్లు దాటకుండా ఎక్కి తోలే గడ్డి బండి ఒకటి చూసి రమ్మని ఇద్దర్నీ షువైఖ్ బజారుకి పంపింది.

దొరబాబుకి ధైర్యం వచ్చింది. యాభై దాటినవాడికి ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతే, పూచీ పడి పనిలో పెట్టుకునే ఇంకో కఫీల్ దొరకడు, ఆ బెంగతో రాత్రంతా నిద్ర లేదు. ఇప్పుడు సంగతి తేలిపోయింది. అలాంటి బండి వస్తే ఇక మాలి ఎందుకు? తన ఉద్యోగం ఊడగొట్టే యంత్రాన్ని తనే ఏరుకోవడానికి, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ కారెక్కాడు వెర్రిబాగులవాడు.

కొట్లో పనిచేసే హుస్సేన్ పీరా రాయచోటి వైపువాడు. మూడు బండ్లు చూపించాడు. మొదటిది పెద్దది, ముందు లైట్లున్నాయి, ధర ఆరొందలు దాటింది. లైట్లు మాకెందుకు, పగటిపూటే కోస్తామని గురప్ప దాన్ని వదిలేశాడు. రెండోది ఏదో కంపెనీ క్యాంపులో వాడి అమ్మేసింది. చవకే, కానీ బెల్టు సాగిపోయింది, అడుగున తుప్పు. మూడోది చిన్నది. ఇంజను వెనక ఉంది. ఖర్జూరం చెట్ల మధ్య సులువుగా మళ్ళుతుంది. మూడొందల డెబ్భై.

"ఆ పాతది చాల్లేరా నీ మొహానికి," అన్నాడు దొరబాబు.

గురప్ప ఆ పాతదాన్ని దాటి ముందుకు వెళ్ళాడు. మూడోదాని సీటు నొక్కి చూశాడు. స్ప్రింగులు తడిమాడు. తాడు లాగే పని లేకుండా తాళంతో స్టార్టవుతుందా, బ్లేడు ఎత్తడానికి వంగాల్సి వస్తుందా, గేరుకి ఎంత బలం కావాలి అని గుచ్చి గుచ్చి అడిగాడు. హుస్సేన్ పీరా ఓపిగ్గా అన్నీ చేసి చూపించాడు.

"పల్లకీ బేరం చేస్తున్నావేంట్రా, పెళ్ళికొడకా?"

"నడుము నొయ్యగూడదు గదన్నా. నువ్వొక తూరి ఎక్కి కూర్చో. కాళ్ళు యాడికొస్తాయో చూస్తా."

"నేనా? గడ్డి బండి మీదా? మా ఊళ్ళో తెలిస్తే పరువుంటదేంట్రా నాకు?"

అయినా కొట్లో జనం చూస్తున్నారని, ముక్కు మూసుకుని మందు మింగినవాడిలా ఎక్కి కూర్చున్నాడు. గురప్ప మోకాళ్ళ మీద వంగి, అతని పాదానికీ పెడలుకీ మధ్య దూరం బెత్తతో కొలిచాడు. సీటు ఒక గంటు వెనక్కి జరిపించాడు. ఇదే తీసుకుంటామని హుస్సేన్ పీరాతో చెప్పాడు.

తిరుగుదారి పట్టేసరికి పొద్దు వాలింది. ఆ వేళప్పుడు కారు తియ్యాలంటే దొరబాబు ముందు సత్యదేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంటాడు. స్వామిని ఏం అడుగుతాడో ఎవరికీ చెప్పడు. గురప్ప ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చున్నాడు. ఏడాదిగా సాయంత్రం కారు కదిలితే చాలు, సంచులు మోసే వంకతో వచ్చి ఎక్కేస్తున్నాడు. కారు షికారంటే మోజని దొరబాబు ఇరుగు పొరుగు డ్రైవర్ల దగ్గర వెక్కిరించేవాడు.

"ఊరికే కూర్చోకపోతే ఆ సిగ్నలు ఏ రంగులో ఉందో చెప్పొచ్చు కదరా. రంగులైనా తెలుసా నీకు?"

"ఎర్రగుండాదన్నా. ముందర లారీ గూడా నిలబడుండాది."

"పర్లేదు, పాసయ్యావు. ఊరెళ్ళాక ఎడ్లబండైనా తోలుకుంటావు."

గురప్ప నవ్వి, మళ్ళీ రోడ్డు వైపు చూపు తిప్పాడు. అతని ఓర్పు చూస్తే దొరబాబుకి ఒళ్ళు మండేది. అవమానం కూడా తెలియని మనిషిని దేవుడు ఎందుకు పుట్టిస్తాడో అనుకున్నాడు.

గురువారం పొద్దున్నే బండి ఇంటికి వచ్చింది. గురప్ప దానికి పెట్రోలు పోసి, గుడ్డతో తుడిచి, తన రేకుపెట్టె తెచ్చి గేటు దగ్గర పెట్టుకున్నాడు. దొరబాబు అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. అనుకున్నదే అయింది. పాపం అనిపించింది గానీ, అది ఎంతోసేపు నిలవలేదు.

మామా బయటికి వచ్చింది. కారు తాళాలు ఇమ్మని దొరబాబు ముందు చెయ్యి చాపింది. అతను ఇచ్చాడు. ఆవిడ వాటిని తన సంచిలో వేసుకుని, గడ్డి బండి తాళం అతని అరచేతిలో పెట్టింది.

"కారు ఇక నేనే నడుపుకుంటాను," అంది. "నీకు రేచీకటని మాకు ఏడాదిగా తెలుసు దొరబాబూ, నిన్ను పంపేద్దామనుకుంటే, కూర్చుని కోసే బండి కొని నా పని అన్నకివ్వండి, నేను వఫ్రా తోటల్లో కూలికి పోతానని గురప్పే అడిగాడు."