రేవులో గాజు గ్లాసులు

“పిన్నీ! ఆ గ్లాసులు లాగేసుకో! లాంచీ కదలాలి!” చక్రం దగ్గర్నుంచి అరిచాడు లాంచీ నడిపే సరంగు.

టీకొట్టు ముందు నలుగురైదుగురు నిలబడి ఊదుకుంటూ తాగుతున్నారు. గాజు గ్లాసుతో లాంచీ ఎక్కడానికి లేదు. ఖాళీ చేసి, బల్లమీద పెట్టి, అప్పుడు ఎక్కాలి.

“గొంతులు కాల్చుకోమంటావా వాళ్ళని? కాస్త ఆగు నాయనా. అవతలి ఒడ్డు ఎక్కడికీ పారిపోదు,” అంది పిన్ని.

“ఇలా సలసలా కాగేది పోస్తే ఎప్పటికి తాగుతారు? ప్లాస్టిక్ కప్పులున్న రోజుల్లో చక్కగా పట్టుకుని ఎక్కేసేవాళ్ళు.”

“ఎక్కి, తాగి, కప్పు నీళ్ళలోకి గిరాటేసేవాళ్ళు. అది కూడా చెప్పు మరి.”

సరంగు హారన్ గట్టిగా మోగించాడు.

సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఆ రేవులో చిన్నాపెద్దా అందరికీ ఆమె పిన్నే. ఆమె భర్త లాంచీ మెకానిక్. అడుగున తిరిగే రెక్కలకు కవర్లూ కప్పులూ చుట్టుకుని ఇంజను మొరాయించినప్పుడల్లా, కత్తి పట్టుకుని నీళ్ళలోకి మునిగేవాడు. ముక్కలు ముక్కలుగా కోసి బయట పడేస్తూ, విసిరిన వాళ్ళ వంశాన్నంతా తిట్టేవాడు. ఆయన జ్వరంతో పోయిన కొన్నాళ్ళకే పిన్ని ప్లాస్టిక్ కప్పులు మానేసి గాజు గ్లాసులు పెట్టింది. మొగుడి మీద ప్రేమ అలా తీర్చుకుంటోందని రేవంతా అనుకుంది. పిన్ని అవుననలేదు, కాదనలేదు.

ఆమెను చూసి బజ్జీలబండి వాడు, సోడాల వాడు కూడా ప్లాస్టిక్ మానేశారు. రేవు స్తంభాల చుట్టూ తెట్టులా పేరుకునే చెత్త తగ్గిపోయింది. అడుగున రాళ్ళు, రాళ్ళ సందుల్లో చేపపిల్లలు కనిపించసాగాయి. అవతలి ఒడ్డున బడిలో పనిచేసే టీచరు పిల్లల్ని తీసుకొచ్చి, “చూడండి, ఇదంతా ఈ పిన్నిగారి పుణ్యమే,” అని చూపించింది. పిన్ని సిగ్గుపడి పిల్లలందరికీ తలా ఒక బిస్కెట్ ఇచ్చింది.

లాంచీ వచ్చేముందు ఆమె నోటికి తీరిక ఉండదు. “మీ అమ్మాయికి దగ్గు తగ్గిందా?” “కొత్త ఇంట్లో నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా?” గ్లాసు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. లాంచీ వెళ్ళిపోగానే రేవు బోసిపోయేది. ఆమె గ్లాసులు కడిగి, తుడిచి, బోర్లించి, మళ్ళీ లాంచీ కోసం చూసేది. పొద్దువాలాక కొట్టు కట్టేసి, వెనకున్న గదిలో రేడియో పెట్టుకుని అన్నం తినేది. వార్తలు చదివే ఆయన నమస్కారం అంటే తిరిగి నమస్కారం చెప్పేది.

ఒకరోజు టీచరు ఉత్సాహంగా వచ్చింది. “పిన్నిగారూ, సరంగుగారి గొడవకి మందు దొరికింది. ఎవరి ఫ్లాస్కు వాళ్ళు తెచ్చుకుంటారు. మీరు పోసి పంపించేయడమే. మీకు కడుగుడు తప్పుతుంది, ఆయనకి ఆలస్యం తప్పుతుంది, సముద్రంలో ఒక్క కప్పూ పడదు.”

“బతికించావమ్మా!” అన్నాడు సరంగు.

పిన్ని బల్లమీద లేని మరకను తుడుస్తూ ఉండిపోయింది.

మర్నాటి నుంచే ఫ్లాస్కులు వచ్చాయి. మూత తీసేవాళ్ళు, పోయించుకునేవాళ్ళు, మూత బిగించి వెళ్ళిపోయేవాళ్ళు. “మీ అమ్మాయి...” అని పిన్ని మొదలుపెట్టేసరికే ఆ మనిషి లాంచీలో ఉండేవాడు. బేరం పెరిగింది. లాంచీ వేళకు కదిలింది. గ్లాసులు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.

వారం తిరక్కుండానే పిన్ని ఎదురుతిరిగింది. “ఫ్లాస్కుల్లో పొయ్యను. గ్లాసులోనే తాగాలి. ఇష్టమైతే తాగండి, లేకపోతే లేదు.”

సరంగు లాంచీ దిగి వచ్చాడు. “బాబాయ్ మొహం చూసి ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను పిన్నీ. పైవాళ్ళకి చెప్పానంటే నీ కొట్టు ఇక్కడ ఉండదు.”

“తీయించెయ్యి,” అంది పిన్ని.

ఫ్లాస్కు పట్టుకుని టీచరు పక్కనే నిలబడి ఉంది. లాంచీలోంచి ఎవరో హారన్ కొట్టారు. సరంగు రుసరుసలాడుతూ వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. అందరూ ఎక్కారు. టీచరు మాత్రం ఎక్కలేదు.

“ఎందుకిలా చేస్తున్నారు?” అంది లాంచీ దూరమయ్యాక.

“ఫ్లాస్కులో టీ వాసనొస్తుందమ్మా.”

“కడిగినదే. వాసన రాదు.”

“రుచి మారుతుంది.”

“మారదని మీకూ తెలుసు. ఫ్లాస్కు వల్ల సముద్రానికి ఏం నష్టం చెప్పండి? ఇదంతా సముద్రం కోసమే కదా! బాబాయిగారి కోసమే కదా!”

పిన్ని పొయ్యి మంట పెంచి, టీ మరిగించి, ఒక గ్లాసు తీసి అంచుదాకా పోసింది. టీచరు చేతికి అందించి, ఎదురుగా స్టూలు జరుపుకుని కూర్చుంది.

“సముద్రం బాగుపడితే నాకూ సంతోషమే. ఆయన ఉంటే గంతులేసేవాడు,” అంది.

టీచరు ఊదుకుంటూ మిగతా మాట కోసం ఎదురుచూసింది.

“గ్లాసు చేతిలో ఉన్నంతసేపూ మనిషి వెళ్ళిపోడు కదమ్మా.”