పోశయ్య చెయ్యి చేసుకున్న పూట

చెంప పేలిన చప్పుడుకు కళావతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అన్నం ముట్టకుండా కూర్చున్న, హాస్టల్లో ఉండే వెంకటయ్య పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. ఎదురుగా పోశయ్య, ముప్పై ఏళ్ల మనిషి, కొండలా నిలబడి ఉన్నాడు. ఎప్పటిలాగే పనివాళ్లు మొదటి దెబ్బకే అతన్ని వెనక నుంచి వాటేసుకున్నారు. వీపు మీద నాలుగు తగిలించి, గదిలోకి ఈడ్చి గొళ్లెం పెట్టారు. లోపల అతను తలుపుకు తల బాదుకుంటున్నాడు.

కాజీపేటలో మతి ఎదగని వాళ్ల కోసం నడిచే ఆ హాస్టలుకు కళావతే పెద్ద. పోశయ్య వచ్చి నెల కాలేదు, ఇది ఎన్నోసారో. కొట్టేది తిండి దగ్గరే, అదీ నోరూ వాయీ లేనివాళ్లనే. అలాంటి మనిషిని చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోతుంది. వర్ధన్నపేటకు కబురు పెట్టి అతని తల్లిని పిలిపించింది.

మర్నాడు లచ్చవ్వ పొద్దున్నే బస్సు దిగింది. కొడుకును తీసుకుపొమ్మనగానే కళావతి కాళ్లు పట్టేసుకుంది. మొగుడు పోయాక వాణ్ని ఒంటిచేత్తో సాకానని, ఇక తన వల్ల కాదని ఏడ్చింది.

"నేను కైకిలి పనికి పోతే ఆన్ని గుంజకు కట్టేసి పోవాలె తల్లీ. మల్ల ఆ తాడు పట్టియ్యకు. ఇంట్ల ఆడు చీమకు సుత అపకారం చెయ్యలే."

"అయితే మేం అబద్ధం చెప్తానమా?"

ఎంత కోపమున్నా ఆకలి మొహం చూడలేక కళావతి లచ్చవ్వ ముందు అన్నం పళ్లెం పెట్టించింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఇక చేసేదేముందని, కళావతి మూటతో పాటు పోశయ్యను బయటికి తెమ్మని పనివాళ్లకు చెప్పింది.

పోశయ్య తల్లిని చూశాడు. పళ్లెం చూశాడు. వచ్చీరాగానే చెంప పగలగొట్టాడు. లచ్చవ్వ గోడకు కొట్టుకుని కింద పడింది, ముక్కు వెంట నెత్తురు కారింది. కన్నతల్లినే కొట్టేసరికి కళావతి పట్టలేకపోయింది. మూలనున్న కర్ర అందుకుని అతని భుజం మీద బాదింది. రెండో దెబ్బకు కర్ర లేవబోతుంటే లచ్చవ్వ అడ్డం పడింది.

"కొట్టకు తల్లీ, జర ఆగు."

పోశయ్య దెబ్బ సంగతే పట్టించుకోలేదు. గొంతుక్కూర్చుని అన్నం కలిపాడు. ఏడుస్తూ తెరుచుకున్న తల్లి నోట్లో ముద్ద పెట్టి, చేత్తో ఆమె మూతి తుడిచాడు. లచ్చవ్వ ఆ ముద్ద మింగి తల దించుకుంది.

"తినకుంటే నేనూ ఆనికి గిట్లనే కొట్టి తినిపిస్తుంటి."