చిరుగు

1938, మలయాలోని పినాంగ్. వియన్నా నుంచి పారిపోయి వచ్చిన యూదు గాయని మిరియం కచేరీ గౌను ఎడమవైపు మెడ దగ్గర చిరిగి ఉంది. కచేరీ హాలు ఆయా సన్యాసమ్మ చూసింది.

"ఇంతమంది దొరల ముందు సిరిగిన గౌనుతో నిలబడతాదేటి?" అనుకుని, మిరియం వేసుకోకముందే కుట్టు కనబడకుండా కుట్టేసింది.

యూదుల పాటలు వద్దని కచేరీ పెట్టించిన దొరలు ముందే చెప్పారు. వేదిక మీద మిరియం చెయ్యి మెడ దగ్గరికి వెళ్లి, కుట్టు తగిలి ఆగింది. అందరూ చూస్తుండగా గౌను మళ్లీ చింపుకుంది. తమ ప్రార్థనా మందిరంలో తండ్రి పాడే కీర్తన ఎత్తుకుంది. దొరలు లేచి వెళ్లిపోయారు.

"తప్పయిపోనాది దొరసానీ!" తెర వెనక సన్యాసమ్మ చేతులు జోడించింది.

"వియన్నాలో నాన్నను చంపేశారని పొద్దున కబురొచ్చింది," వచ్చీరాని మలయ్ భాషలో అంది మిరియం. "తండ్రి పోతే మేం బట్ట చింపుకుంటాం. దాన్ని కుట్టకూడదు."

సన్యాసమ్మ దగ్గరికి జరిగింది. మొగుడు పోయిననాటి నుంచీ గాజుల్లేని చేతులతో, ఆ చిరుగులో మిగిలిన దారప్పోగులు ఒక్కొక్కటే పీకసాగింది.