మంగళవారం వానలు

“మీ ఊర్ల వానలు మంచిగనే పడ్డయి బాపూ” అంది గీతాంజలి, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

యాకయ్యకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. జనగామలోని ఈ వ్యవసాయ ఆఫీసుకు రావడం ఇది మూడోసారి. ఈసారి ఎండిన మొక్కజొన్న కర్రను వేళ్లతో సహా పీక్కొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ కరువు జాబితాకెక్కాయి, ఒక్క తన ఊరు తప్ప. జాబితాలో లేని ఊరికి పరిహారం రాదు. అది రాకుంటే యాసంగికి విత్తనం తెచ్చుకునే దారి లేదు. వెనక భార్య చిలుకమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

“చుక్క పడలే మేడం. మీరే వచ్చి చూడుండ్రి.”

గీతాంజలి మంచి మనిషే. విసుక్కోకుండా విడమరిచి చెప్పింది. ఎక్కడో పసిఫిక్ సముద్రంలో నీళ్లు వేడెక్కాయట. అందుకే ఈ ఏడు మన దాకా రావలసిన గాలుల్లో సత్తువ లేదట. బంగాళాఖాతంలో లేచిన ఒకటీ అరా వాయుగుండం కూడా ఒడిశా మీదుగా తప్పుకుందట. నిరుడు అదే పసిఫిక్ చల్లగా ఉండి వానలు దండిగా పడ్డాయట. నిరుడు చేను మునిగిన సంగతి యాకయ్యకు ఒకరు చెప్పాలా! ఒక ఏడు ముంచి, మరో ఏడు మాడ్చడానికి అంత దూరపు సముద్రానికి తన రెండెకరాలతో ఏం పగో అతనికి అంతుపట్టలేదు.

“గట్లయితే మా ఊరి మీదనే ఎట్ల పడ్డది?”

ఆమెకూ అదే అర్థం కావడం లేదు. పంచాయతీ ఆఫీసు వెనక నడుమెత్తు స్తంభం మీద వానను కొలిచే మిషన్ ఉంది. అది పంపిన లెక్కనే పైవాళ్లు నమ్ముతారు. చెడిపోయిందేమోనని నిన్న మనిషిని పంపి చూపించింది కూడా. మిషన్ బాగానే ఉంది.

“ఐదు పెద్ద వానలు చూపిస్తున్నది బాపూ. ఐదూ మంగళవారాలే. పొద్దున పది గంటలకే.”

యాకయ్యకు ఒళ్లు మండింది.

“వారం చూసుకొని, గంట చూసుకొని ఏ వానన్న పడ్తదా మేడం? గా నీళ్లు పడంగ చూసినోళ్లు మా ఊర్ల ఒక్కరన్న ఉన్నరా? ఉంటే చూపియ్యుండ్రి, ఇంకోపాలి మీ గడప తొక్క.”

చిలుకమ్మ మెల్లగా గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చింది. మొగుడి ముఖం చూడలేక తల వంచుకుంది.

“నేను చూసిన” అంది. “వాన కోసం కప్పను రోకలికి కట్టి ఐదు మంగళారాలు కప్పతల్లి ఆడినం గదా. కప్ప మీద నీళ్లు పోసినంక, మా గోస పైకి చెప్పేది గదేనని, ఆడోళ్లమంత గా మిషన్ మీద గూడ తలో బిందె పోసినం.”