తెర మీద శౌరయ్య

తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్న ప్రేమావతి, తెర మీద మొగుడి ముఖం చూసి పెదవి విరిచింది.

ముఖం శౌరయ్యదే. మనిషి మాత్రం శౌరయ్య కాదు. ఎవడో నున్నగా తోమి పాలిష్ పెట్టినట్టున్నాడు. చెంపల మీద అమ్మవారి మచ్చలు లేవు. కనుబొమల మధ్య ముడి లేదు. జన్మలో కోటు తొడగని మనిషికి నీలం సూటు, ఎర్ర టై. వెనక మంచుకొండలు. తిరువూరు బస్టాండులో చెమటలు కక్కుతూ ఉద్యోగం చేసిన మనిషికి ఆ కొండలేమిటో!

ప్రేమావతి డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైంది. ముఖం గీయడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఒకసారి వేసవి సెలవలన్నీ కూర్చుని పెన్సిలుతో శౌరయ్య బొమ్మ గీసింది. ఆ కనుబొమల ముడి ఒక పట్టాన కుదరలేదు. చెరిపి గీసి, చెరిపి గీసి, కాగితం చిరిగేదాకా వచ్చింది. చివరికి కుదిరింది. పరుగున తీసుకెళ్లి చూపిస్తే, "బాగానే ఉంది, పొయ్యి మీద పప్పు మాడుతోంది చూడు" అన్నాడు శౌరయ్య.

ఈ రోజు కోసం ఆ బొమ్మకే ఫ్రేము కట్టించి పెడదామంది ప్రేమావతి. కూతురు గ్లోరి ఒప్పుకోలేదు.

"అమ్మా, ఇందులో నాన్న కోపంగా ఉన్నారు. జనం ముందు ఏం బాగుంటుంది?"

"ఉన్నట్టే గీశాను."

"ఉన్నట్టు ఎవరిక్కావాలమ్మా? మా ఆయన చేయించింది చూడు, ఎంత చక్కగా నవ్వుతున్నారో!"

పెన్సిలు బొమ్మ మళ్లీ బీరువా వెనక్కి పోయింది.

చర్చిలో పూజ అయ్యాక అందరూ ఈ హాలుకి వచ్చారు. వచ్చినవాళ్లంతా ప్రేమావతి చేతులు పట్టుకుని ఏదో ఒక మంచిమాట చెప్పి వెళ్లి కూర్చున్నారు. ఇప్పుడు సగంమంది ఫోన్లెత్తి తెరని వీడియో తీస్తున్నారు. బొమ్మకి మళ్లీ బొమ్మ. ఎదురుగా ఉన్నదాన్ని కళ్లతో చూసే ఓపిక కూడా లేదు వీళ్లకి అనుకుంది.

అల్లుడు నవీన్ కుమార్ మైకు అందుకున్నాడు.

"మావయ్యగారు మాటల మనిషి కాదు. మనసులో మాట ఏనాడూ పైకి చెప్పింది లేదు. ఆయన ఫోన్లో దొరికిన వాయిస్ మెసేజ్‌లన్నీ పోగుచేసి, ఏఐతో ఆ గొంతు తయారుచేయించాం. ఇప్పుడు మావయ్యగారు మాట్లాడతారు!"

చప్పట్లు మోగాయి. ప్రేమావతికి నవ్వొచ్చింది. ఆ మెసేజ్‌లు ఆమెకు తెలియనివా? కరెంటు బిల్లు కట్టలేదేమని, తాళం ఎక్కడ పెట్టి చచ్చావని. ఆ తిట్లు పిండి వీళ్లు తేనె తీశారన్నమాట.

తెర మీద పెదాలు కదిలాయి.

"ప్రేమావతీ..."



గొంతు అచ్చం శౌరయ్యదే. గంపలగూడెం, విస్సన్నపేట, నెమలి అంటూ ఊళ్ల పేర్లన్నీ బస్టాండు మైకులో విడమరిచి పిలిచిన గొంతు. అదే గొంతు భార్యను పేరుపెట్టి ఎన్నడూ పిలవలేదు. ఒసేయ్, ఇదిగో, ఎక్కడ చచ్చావ్. ఇవే ఆమె పేర్లు.

"ప్రేమావతీ, నీ చేతి వంట తిన్నాను గానీ బాగుందని ఒక్కసారీ అనలేదు. నువ్వు గీసిన బొమ్మల వంక కూడా చూడలేదు. నా కోపమంతా భరించావు. నన్ను క్షమిస్తావా?"

వెనక వరసలో ఎవరో వెక్కారు. పక్కింటి హన్నా ముందుకి వంగి ప్రేమావతి భుజం మీద చెయ్యి వేసింది.

"బావగారి మనసు ఇంత మెత్తనా అక్కా! మాకు తెలియనే తెలియదు."

"నాకూ ఇప్పుడే తెలిసింది" అంది ప్రేమావతి.

నవీన్ మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి.

"చెప్పండత్తయ్యా. మావయ్యగారు క్షమాపణ అడుగుతున్నారు."

"ఈ మాటలు ఎవరు రాశారు బాబూ?"

"మేం రెండు ముక్కలు చెప్పామండి. మిగతాదంతా యాపే రాసేసింది."

మనుషులు కూర్చుని రాసిన మాటలైనా కావు. ఆ సూటు, ఆ కొండల్లాగే ఇవీ. ప్రేమావతి తెర వంక అసహ్యంగా చూసింది.

"అయితే ఆ యాప్‌ని క్షమించాను" అంది.

హాలు ఘొల్లుమంది. ప్రేమావతి కాస్త జోకేసిందని అందరూ సంబరపడ్డారు. గ్లోరి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. పాట పెట్టించడానికి నవీన్ వెనక్కి తిరిగాడు.

ప్రేమావతి అతని చొక్కా పట్టుకుని ఆపింది. మైకుని చేత్తో మూసి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఆ మొదటి ముక్క ఇంకోసారి వెయ్యి బాబూ. పేరు పిలిచిందే. మిగతా చెత్తంతా వద్దు."

నవీన్ కంప్యూటరు దగ్గరి కుర్రాడికి సైగ చేశాడు.

"ప్రేమావతీ..." అంది తెర.

ఆమె కళ్లు మూసుకుంది. అబద్ధమని తెలుసు. మిషనని తెలుసు. అయినా ఇంకోసారి అన్నట్టు వేలెత్తింది. వెధవ మిషను అనుకుంది. దాని కోసం చెవులు రిక్కించిన తనని ఇంకా గట్టిగా తిట్టుకుంది.

"ప్రేమావతీ..." అంది తెర మళ్లీ.

పక్క కుర్చీలో, మెడలో యాభయ్యో పెళ్లిరోజు దండతో అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న శౌరయ్య ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచి, మోచేత్తో ఆమెను పొడిచి, "ఒసేయ్, ఆ గోల కట్టేయించి భోజనాలు వడ్డించమను" అన్నాడు.